బోర్డు పెట్టే ముందు: ఒడిశా సరిహద్దు ఊళ్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కనగిరి వైపు గుడి కమిటీల వాళ్లు, స్కూళ్ల వాళ్లు, మార్కెట్ సంఘాల వాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు బోర్డుల గురించి అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. దారి తెలియక ఎండలో రోగిని పట్టుకుని తిరిగే మనిషిని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగయ్యాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

బోర్డు చేయించాలనుకుంటున్నాం. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఫ్లెక్స్ షాపుకా?

కాదు, ముందు మీ గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గరికి వెళ్లండి. తర్వాత ఎదురుగా ఉన్న టీ కొట్టాయన దగ్గరికి. రోజూ జనం వాళ్లని ఏం అడుగుతున్నారో కనుక్కోండి. "ఎక్స్‌రే ఎక్కడ?", "చెప్పులు ఎక్కడ వదలాలి?", "ఆంధ్రా బస్సు ఎక్కడ ఆగుతుంది?" లాంటివే వస్తాయి. ఒక వారం పాటు వాటిని నోట్‌బుక్‌లో రాయించండి, అవే మీరు పెట్టాల్సిన బోర్డులు. ఎవరూ అడగని దానికి బోర్డు అక్కర్లేదు.

ఆ తర్వాత కొత్తగా వచ్చిన మనిషిలా గేటు నుంచి లోపలికి నడవండి. ఎక్కడ కాలు ఆగిందో, ఎక్కడ కుడికా ఎడమకా అని తల తిప్పాల్సి వచ్చిందో అక్కడ కాగితం మీద గుర్తు పెట్టండి. బోర్డు కావలసింది అక్కడ. మన ఊళ్లలో సాధారణంగా కనిపించేదేంటంటే, గేటు పైన పెద్ద ఆర్చీ ఉంటుంది, దాని మీద పేర్లన్నీ ఉంటాయి, లోపల మూడు దార్లు చీలే చోట మాత్రం ఏమీ ఉండదు. మలుపు దగ్గర ఒక బోర్డు, మలుపు తిరిగాక "సరైన దారిలోనే వస్తున్నారు" అని ధైర్యం చెప్పే చిన్న బోర్డు ఇంకోటి, చివర తలుపు మీద పేరు. ఈ మూడూ ఉంటే చాలావరకు పని అయిపోతుంది.

ఏ భాషల్లో రాయాలి? మాది తెలుగువాళ్ల వీధి, తెలుగు ఒక్కటి చాలదా?

చాలదు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

ఒడియా ఉండాల్సిందే. అది ఇక్కడి రాష్ట్ర భాష, 1954 నుంచి చట్టప్రకారం అధికార భాష. దుకాణాల బోర్డుల మీద కూడా ఒడియా ఉండాలని ప్రభుత్వం చెబుతోంది. దీని మీద ఎవరితోనూ వాదన పెట్టుకోకండి, పైన ఒడియా రాయండి, ఆ తర్వాత తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు.

కానీ తెలుగు ఎవరి కోసం రాస్తున్నామో ఆలోచించాలి. బరంపురంలో ఇంట్లో శుభ్రంగా తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామంది చదివింది ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో. వాళ్లు తెలుగు మాట్లాడతారు, లిపి మాత్రం కూడబలుక్కుని చదువుతారు, కొందరికి అసలు రాదు. వాళ్లకి ఒడియా బోర్డే తేలిక. తెలుగు లిపి నిజంగా అవసరమయ్యేది ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి ఆసుపత్రికి వచ్చేవాళ్లకి, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి వచ్చేవాళ్లకి, ఒడియా అక్షరం ముక్క రాని మన పెద్దవాళ్లకి. అంటే బయటి నుంచి జనం వచ్చే చోట తెలుగు పెద్దగా ఉండాలి. వార్డు లోపల చెత్తబండి టైము రాసిన బోర్డుకి అంత అవసరం లేకపోవచ్చు. ఈ లెక్క వీధివీధికీ మారుతుంది, కాబట్టి ఎవరొస్తున్నారో చూసుకుని తేల్చుకోండి.

మల్కనగిరి వైపు ఇంకా వేరు. అక్కడ కోయ మాట్లాడేవాళ్లున్నారు, దండకారణ్య ప్రాజెక్టు (తూర్పు పాకిస్తాన్ శరణార్థులకి చోటిచ్చిన పథకం) కింద స్థిరపడిన బెంగాలీలున్నారు, మోటు ఊరి వైపు తెలుగు వాడకం ఉంది. గుణుపురం చుట్టుపక్కల సవరలు ఎక్కువ. అన్ని భాషలూ ఒక బోర్డు మీద పట్టవు కనుక అక్కడ బొమ్మలు, రంగులు, నంబర్లు ఎక్కువ పని చెయ్యాలి. దాని సంగతి కింద చెప్పాను.

మూడు లిపులు పెడితే బోర్డు అంతా గజిబిజిగా ఉంటోంది, ఏం చెయ్యాలి?

మాటలు తగ్గించండి. "భక్తులకు విజ్ఞప్తి: తమ పాదరక్షలను ఆలయ ప్రాంగణము వెలుపల గల స్టాండునందు మాత్రమే ఉంచవలసినదిగా కోరడమైనది" అని రాసి దాన్నే మూడు భాషల్లోకి తిప్పితే ఎవరు చదువుతారు? "చెప్పులు ఇక్కడ" అని రాసి బాణం గుర్తు వేస్తే పోయింది. మర్యాద తగ్గుతుందని కమిటీలో పెద్దవాళ్లు అంటారు. తేలిగ్గా దారి చూపించడమే వచ్చినవాళ్లకి మనం చేసే మర్యాద అని నెమ్మదిగా చెప్పండి, ఒప్పుకుంటారు.

రెండోది వరుస. మొదటి బోర్డులో ఒడియా పైన ఉంటే ఆఖరి బోర్డు దాకా పైనే ఉండాలి. మనిషి కన్ను రెండు బోర్డులు చూసేసరికి "నా భాష మధ్యలో ఉంది" అని పట్టేసుకుంటుంది, మూడో బోర్డులో నేరుగా అక్కడికే పోతుంది. ఒడియా, తెలుగు రెండూ గుండ్రటి లిపులే కాబట్టి దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. అందుకని రెండింటి మధ్య ఖాళీ బాగా వదలండి, లేదా సన్నటి గీత పెట్టండి. తెలుగుని మరీ చిన్నగా చేసి అడుగున ఇరికించడం కూడా వద్దు. చదవలేనంత చిన్నగా రాస్తే రాయనట్టే లెక్క.

అక్షరం ఎంత పెద్దగా ఉండాలి?

బోర్డుల పనిలో ఉన్నవాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. యాభై అడుగుల నుంచి చదవాలంటే అయిదు అంగుళాలు. అయితే ఇది ఇంగ్లీషు పెద్ద అక్షరాలని చూసి కట్టిన లెక్క. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, అవి అక్షరం కంటే చిన్నవి, ముందు కనపడకుండా పోయేవి అవే. "స్త్రీలు" అనే మాటలో కింద ఉన్నవన్నీ దూరానికి ఒక మచ్చలా అయిపోతాయి. కాబట్టి గుణింతం, వత్తు లేకుండా వట్టి "క" ఎత్తు కొలవండి, ఆ లెక్క మీద ఇంకో సగం కలపండి. నేనైతే అలాగే చెబుతాను. వరుసకీ వరుసకీ మధ్య కూడా ఇంగ్లీషు కంటే ఎక్కువ జాగా వదలాలి, లేకపోతే పై వరుస వత్తు కింద వరుస గుడిని గుద్దుకుంటుంది.

బండి మీద వెళ్లేవాళ్ల కోసమైతే లెక్క మారిపోతుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు చూశాడనుకున్నా 66 మీటర్లు దాటేశాడు. అందులో రోడ్డు మీద కూడా కన్నుండాలి కదా. ఒడియా, తెలుగు, ఇంగ్లీషుల్లో ఒక్కో ఊరి పేరు, బాణం, దూరం. అంతకు మించి అతను చదవలేడు.

అన్నిటికంటే మంచి పద్ధతి, అసలు సైజులో ఒక మాట ప్రింటు తీసి గోడకి అంటించి, మనిషి నిజంగా నిలబడే చోటికి వెళ్లి చూడడం. కళ్లజోడున్న పెద్దవాళ్లని తీసుకెళ్లండి. సాయంత్రం వెలుతురు తగ్గాక ఇంకోసారి చూడండి.

ఫాంట్ ఏది బాగుంటుంది?

పెళ్లికార్డు ఫాంట్లు వద్దు. నీడలు, బంగారు రంగు అంచులు, త్రీడీ ఏవీ వద్దు. గీత మందం అంతటా ఒకేలా ఉండి, అక్షరం లోపలి ఖాళీలు తెరుచుకుని ఉన్న ఫాంట్ కావాలి. నోటో సాన్స్‌లో తెలుగుకీ ఒడియాకీ కూడా ఉచితంగా ఉన్నాయి, రెండూ పక్కపక్కన పెడితే ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. చాలా తెలుగు ఫాంట్లు మరీ బొద్దుగా ఉంటాయి, పేపర్ హెడ్డింగుకి బాగుంటాయేమో గానీ బోర్డుకి కాదు: "వు", "మ" ఒకలా కనపడతాయి, "ప", "వ", "ష" కలిసిపోతాయి. మధ్యరకం మందం ఎంచుకోండి.

ఇంగ్లీషు వరుసకి అన్నీ పెద్ద అక్షరాలే వాడాలని చాలామంది అనుకుంటారు. బ్రిటన్‌లో జాక్ కినియర్, మార్గరెట్ కాల్వర్ట్ కలిసి రోడ్డు బోర్డులన్నీ మార్చినప్పుడు ఊళ్ల పేర్లకి మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి పెట్టారు. 1965 నుంచి అక్కడ అవే నడుస్తున్నాయి. మాట ఆకారం కంటికి తొందరగా అందుతుందన్నది వాళ్ల ఆలోచన. మీరూ అలాగే చేయండి.

ఇక మన దగ్గర అసలు టెన్షన్ ఫాంట్ అందం గురించి కాదు, షాపులో అక్షరాలు పాడైపోవడం గురించి. మీరు ఫోన్లో యూనికోడ్‌లో (ఫోన్లన్నిటిలో ఉండే అక్షరాల పద్ధతి) టైపు చేసి వాట్సాప్‌లో పంపుతారు, షాపులో తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు ఉంటాయి, మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. బరంపురం షాపులో తెలుగు చదవడం వచ్చిన ఆపరేటర్ ఉంటాడని నమ్మకం లేదు, అటు ఇచ్ఛాపురంలో ఒడియా చదివేవాడు ఉండకపోవచ్చు. అందుకే ఫైలు మీరే సరిచూసి, కోరల్‌డ్రాలో అక్షరాలని కర్వ్స్ (అంటే ఫాంట్ అవసరం లేని బొమ్మ గీతలు) చేయించి, పీడీఎఫ్ ఇవ్వండి. ప్రింటు కొట్టే ముందు ప్రూఫ్ తీసుకుని ఒడియా వరుస ఒడియా చదివేవాళ్ల చేత, తెలుగు వరుస తెలుగు చదివేవాళ్ల చేత బిగ్గరగా చదివించండి. ఈ ఒక్క పనీ మానొద్దు.

రంగులు?

అక్షరానికీ వెనక రంగుకీ తేడా గట్టిగా ఉండాలి. తెలుపు మీద నలుపు, ముదురు నీలం మీద తెలుపు, పసుపు మీద నలుపు. రైల్వే స్టేషన్ పేరు బోర్డు పసుపు మీద నలుపు ఎందుకు ఉంటుందో కదులుతున్న రైల్లోంచి చూస్తే తెలుస్తుంది. ఎరుపు మీద ఆకుపచ్చ అసలు వద్దు, ఆ రెండు రంగులకీ తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునే దానికంటే ఎక్కువమందే ఉంటారు. అదే కారణంతో "ఎర్ర గీత వెంట వెళ్లండి" అని మాత్రమే చెప్పకూడదు, గీత మీద నంబరో బొమ్మో కూడా ఉండాలి.

కొన్ని రంగులకి ముందే అర్థం ఉంది, వాటిని చెడగొట్టకండి. రోడ్డు మీద ఎర్ర వలయం అంటే తప్పక పాటించాల్సింది, ఎర్ర త్రికోణం హెచ్చరిక, నీలం పలక సమాచారం. ఇవి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 67 కోడ్‌లో ఉన్నాయి. భవనాల లోపల బయటికి పోయే అత్యవసర దారి ఆకుపచ్చ. స్వీట్ షాపు ప్రకటనకి ఎర్ర త్రికోణం వాడితే రేపు నిజమైన హెచ్చరికని కూడా జనం పట్టించుకోరు.

బొమ్మలు పెడితే చాలదా, భాషల గొడవే ఉండదు కదా?

కొన్నిటికి చాలు. మంచినీళ్లు, మరుగుదొడ్డి, టెలిఫోను, పరిగెత్తే మనిషి ఉన్న అత్యవసర ద్వారం. ఆ పరిగెత్తే మనిషిని గీసింది జపాన్‌కి చెందిన యుకియో ఓటా, 1980ల నుంచి అది చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అమెరికాలో 1974లో 34, 1979లో ఇంకో 16 బొమ్మలు ప్రయాణికుల కోసం తయారుచేసి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నారు, నెట్‌లో దొరుకుతాయి, కొత్తవి గీయించే ఖర్చు తప్పుతుంది.

కానీ "రేషన్ కార్డు కౌంటర్", "రక్త పరీక్ష రిపోర్టులు" లాంటి వాటికి బొమ్మ గీస్తే ఎవరికీ అర్థం కాదు. అలాంటి చోట గది నంబరే దిక్కు: పెద్ద అంకె, ఒక రంగు. చీటీ మీద కూడా అదే అంకె, అదే రంగు ఉండాలి. చదవడం రాని కోయ ముసలమ్మ కూడా చీటీ చూపించి తలుపు వెతుక్కోగలదు. అంకెలు మాత్రం 1, 2, 3 అనే ఉంచండి, ఒడియా అంకెలు, తెలుగు అంకెలు బోర్డు మీద వద్దు, బస్సు నంబర్లు, డబ్బుల వల్ల 1, 2, 3 అందరికీ అలవాటే.

ఏ బొమ్మైనా పెట్టేముందు సంబంధం లేని మనుషులకి చూపించి "ఇదేంటి?" అని అడగండి. "ఇది మరుగుదొడ్డి అని అర్థమవుతోందా?" అని మాత్రం అడగకండి, అలా అడిగితే అందరూ అవుననే అంటారు.

బాణం గుర్తు ఎటు పెట్టాలి?

ఎడమకైతే బోర్డు ఎడమ అంచున, కుడికైతే కుడి అంచున. నేరుగా ముందుకైతే పైకి చూపే బాణం. కిందికి చూపే బాణం పెడితే కొందరు మెట్లు దిగాలనుకుంటారు.

ఎంత ఎత్తులో, ఎక్కడ బిగించాలి?

జనం నడిచే దారికి అడ్డంగా కనిపించేలా పెట్టండి. గోడకి ఆనించి పెట్టిన బోర్డు దాని ఎదురుగా నిలబడితే గానీ కనపడదు, వరండాలో నడిచేవాడికి గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన పలకే కనిపిస్తుంది. రద్దీ ఉండే చోట తలల పైన ఉండాలి, తలుపు పక్కన ఉండేది కంటి ఎత్తులో. వేపచెట్టు కొమ్మ, కరెంటు స్తంభం, తెరిచిన తలుపు రెక్క ఏవి అడ్డొస్తాయో ముందే చూసుకోండి.

చూపు లేనివాళ్ల కోసం తలుపు పక్కన చేతికి అందే ఎత్తులో బ్రెయిలీ పలక ఉండాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, బహిరంగ భవనాలకి 2021 నాటి కేంద్ర మార్గదర్శకాలూ ఉన్నాయి. ఒడియా, తెలుగు రెండూ భారతి బ్రెయిలీలోనే రాస్తారు, ఒకే ధ్వనికి దాదాపు ఒకే చుక్కలు వస్తాయి. వీల్‌చైర్‌లో కూర్చున్నవాళ్ల చూపు కిందికి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి, ర్యాంపు ఎక్కడుందో మెట్ల దగ్గర రాయాలి, ర్యాంపు దగ్గర కాదు.

సముద్రం దగ్గర బోర్డు ఏడాది తిరక్కుండానే పాడవుతోంది, దేంతో చేయించాలి?

గంజాం తీరంలో మూడు శత్రువులు: ఉప్పుగాలి, ఎండ, తుఫాను. మామూలు ఇనుప రేకు తుప్పు పడుతుంది, అల్యూమినియం పలక, జింకు పూత పెట్టిన స్తంభాలు, స్టెయిన్‌లెస్ బోల్టులు వాడాలి. ఎండకి ముందు పోయేది ఎరుపు, పసుపు సిరాలే. "ప్రమాదం" అని ఎర్రగా రాసిన మాట వెలిసిపోయి, చుట్టూ నల్లగా రాసింది మాత్రం మిగిలే బోర్డులు మీరూ చూసే ఉంటారు. ముఖ్యమైన మాట నలుపులో రాసి, ఎరుపుని చుట్టూ పట్టీగా పెట్టండి. రాత్రి కనపడాల్సిన వాటికి వెలుగు తిరిగి కొట్టే రిఫ్లెక్టివ్ షీటు తప్పదు.

తుఫాను సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది. గాలి వేగం రెట్టింపైతే బోర్డు మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. పెద్ద బోర్డు ఒకటి కంటే చిన్నవి రెండు మంచివి, ఊడొచ్చిన రేకు గాల్లో ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. స్తంభం లోతుగా కాంక్రీటులో దిగాలి. తుఫాను షెల్టర్‌కి దారి చూపే బోర్డులైతే రాత్రి, కరెంటు లేకుండా, వానలో కనిపించాలి, దానికి తగ్గట్టే చేయించండి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోకండి.

గోడ ఉంటే మన పాత పద్ధతిలో ఎనామిల్ పెయింటుతో రాయించడం ఇప్పటికీ మంచి దారే. చెయ్యి తిరిగిన పెయింటర్ రాసిన అక్షరం ఫ్లెక్స్ కంటే చాలాకాలం ఉంటుంది, గాలికి ఎగిరేదీ లేదు.

గోపాల్‌పూర్ లాంటి బీచ్‌లో హెచ్చరిక ఎలా రాయాలి?

"సముద్ర స్నానం ప్రమాదకరం" అని ఒక్కటే రాస్తే ఎవరూ ఆగరు, ఎదురుగా వందమంది దిగి ఉంటారు. ఏం ప్రమాదమో, ఏం చెయ్యాలో చెప్పాలి. "ఇక్కడ నీళ్లు లోపలికి లాగేస్తాయి. లాగితే ఎదురీదవద్దు, ఒడ్డు వెంబడి పక్కకి ఈదండి. సాయానికి 112." ఇంత చాలు, పక్కన బొమ్మ. ఎర్ర జెండా అంటే దిగొద్దని, ఎరుపు పసుపు జెండాల మధ్యే లైఫ్‌గార్డుల కాపలా ఉంటుందని కూడా అక్కడే చూపించాలి, చాలామందికి తెలియదు. బోర్డు ఇసుకలోకి దిగే చోట ఉండాలి, పార్కింగ్‌లో కాదు, ఎందుకంటే పార్కింగ్‌లో చదివింది నీళ్ల దగ్గరికి వచ్చేసరికి గుర్తుండదు.

జాతరకి తాత్కాలిక బోర్డులు?

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రకి పక్క రాష్ట్రం నుంచి కూడా జనం వస్తారు, ఘటాలు వీధుల్లో తిరిగే సాయంత్రాల్లో అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం. అలాంటప్పుడు కింద పెట్టిన బోర్డు పనికిరాదు, మనిషి ఎత్తుకి రెండింతలు పైన ఉండాలి. కావలసినవి కొన్నే: బయటికి దారి, మంచినీళ్లు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స, తప్పిపోయిన పిల్లల కౌంటర్. ఆ ఆఖరిదానికి మిగతా వాటిలో ఎక్కడా లేని రంగు వాడండి, పైన ఒక లైటు పెట్టండి. పిల్లవాడు కనపడక కంగారులో ఉన్న తల్లి అక్షరాలు చదవదు, రంగు, వెలుగు చూస్తుంది. వంద మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ బ్యానర్లు 2022 జులై 1 నుంచి నిషేధం, గుడ్డ బ్యానర్ రాయించుకోండి. యాత్ర అయ్యాక విప్పే బాధ్యత కూడా ముందే ఒకరికి అప్పగించాలి.

అనుమతి కావాలా?

మీ ఆవరణ లోపల అక్కర్లేదు. రోడ్డు పక్కనైతే మునిసిపాలిటీనో ఎన్ఏసీనో (చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) అడగాలి, జాతీయ రహదారి స్థలంలోనైతే రహదారి అధికారులని. స్పీడు లిమిట్, స్టాప్ లాంటి ట్రాఫిక్ గుర్తులు సొంతంగా పాతకూడదు, అది మోటారు వాహనాల చట్టం కింద ప్రభుత్వం పని. స్కూలు ముందు హెచ్చరిక కావాలంటే దరఖాస్తు పెట్టండి.

ఊరి పేరు ఎలా రాయాలి? బరంపురమా, బ్రహ్మపురా?

తెలుగు వరుసలో తెలుగువాళ్లు అనే పేరు, ఒడియా వరుసలో ఒడియా పేరు, ఇంగ్లీషులో బస్సు టికెట్ మీద, రైలు టికెట్ మీద ఉండే పేరు. జయపురాన్ని తెలుగులో జైపూర్ అని రాస్తే కొత్తవాళ్లు రాజస్థాన్ అనుకుంటారు, జయపురం అనే రాయండి. అన్ని బోర్డుల్లోనూ ఒకేలా రాయాలన్నదే ముఖ్యం.

దాతల పేర్లు ఎక్కడ రాయాలి?

దారి చూపే బోర్డు మీద వద్దు. డబ్బిచ్చినవాళ్లని గౌరవించాలి, దానికి ఆఫీసు గోడ మీద ఒక మంచి పలక వేయించండి. తప్పదంటే అడుగున చిన్న వరుస, అంతే. బోర్డులో సగం ఫొటోలు, మూలన బాణం ఉంటే వచ్చినవాడికి దారి దొరకదు, ఆ దాతకీ మంచి పేరు రాదు.

బోర్డు పెట్టాక ఇంకా ఏం పని ఉంటుంది?

చాలా ఉంటుంది. కొత్త బోర్డు పెట్టిన రోజే పాతది తీసేయండి, ఎక్స్‌రే గది మారిపోయినా పాత బాణం అక్కడే ఉంటే జనం దాన్నే నమ్ముతారు. వానాకాలం ముందు ఒకసారి, అక్టోబరు తుఫాన్ల రోజులు దాటాక ఒకసారి అన్నీ తిరిగి చూడండి: బోల్టులు వదులయ్యాయా, కొమ్మలు కప్పేశాయా, మీద పోస్టర్లు అంటించారా. వాచ్‌మన్‌ని మళ్లీ అడగండి, జనం ఇంకా ఏం అడుగుతున్నారని. అదే ప్రశ్న ఇంకా వస్తుంటే బోర్డు మార్చాలి, లేదా పెట్టిన చోటు మార్చాలి.

ప్రతి బోర్డుకీ ఒక నంబరు వేసి, ఫొటో తీసి, సైజు, ఎక్కడ ఉంది, ఏం రాసుంది ఒక రిజిస్టరులో రాసుకోండి. మూడు భాషల మాటలూ యూనికోడ్‌లో, ప్రింటు ఫైలు విడిగా, రెండూ కమిటీ మెయిల్లో పెట్టండి, ఒక్కరి ఫోన్లోనే ఉంచొద్దు. గాలికి ఒక పలక పోతే మర్నాడే అదే కొలతకి, అదే అక్షరంతో ఇంకోటి చేయించుకోవచ్చు.